సెకనుకు ముప్పై మెరుపులు: కంటితో చూడాలన్న పట్టుదల వృథా కాదు

1950ల చివరి సంగతి. అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన టెలిస్కోపు దగ్గర సందర్శకులకు ఆకాశాన్ని చూపిస్తున్నారు. క్రాబ్ నెబ్యులాను చూసిన ఒక మహిళ, అందులోని నక్షత్రం వెలిగి ఆరుతోందని అక్కడున్న ఖగోళ శాస్త్రవేత్తతో అన్నారు. నక్షత్రాలన్నీ మిణుకుమంటూనే ఉంటాయని ఆయన తేల్చేశారు. ఆమె ఒప్పుకోలేదు. తాను పైలట్‌నని, నక్షత్రాల మిణుకు ఎలా ఉంటుందో తనకు తెలుసని, ఇది వేరే ఏదో అని గట్టిగా చెప్పారు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

సుమారు పదేళ్ల తర్వాత, క్రాబ్ నెబ్యులా నడుమ ఉన్న నక్షత్రం నిజంగానే సెకనుకు 30 సార్లు వెలిగి ఆరుతోందని రుజువైంది. పల్సార్లను మొట్టమొదట గుర్తించిన జోసెలిన్ బెల్ బర్నెల్ ఈ సంఘటనను గుర్తుచేస్తూ, అంత వేగంగా వచ్చే మెరుపును పట్టుకోవడం చాలామంది కళ్లకు కష్టమని కూడా అన్నారు. ఆ మహిళ నిజంగా చూశారో లేదో ఇప్పుడు తేల్చే దారి లేదు. ఒకవేళ చూసి ఉంటే, ఆమెకు కొరవడింది ఒక్కటే: తాను చూసినదాన్ని పక్కవారి ముందు రుజువు చేసే సాధనం.

ఆ సాధనం పెద్ద యంత్రమేమీ కాదు. చిల్లులున్న ఒక చక్రం, దాన్ని నిలకడగా తిప్పే మోటారు చాలు. అలాంటి పరికరాలను ఐరోపా, అమెరికాల్లోని ఔత్సాహిక ఖగోళ పరిశీలకులు ఇంట్లోనే తయారు చేసుకుని క్రాబ్ పల్సార్ మెరుపును పట్టే ప్రయత్నం చేస్తున్నారు. కొందరు కెమెరాతో పట్టారు. నేరుగా కంటితోనే చూడాలన్నది మరికొందరి పట్టుదల. అర్ధ శతాబ్దం కిందటే అన్నీ తెలిసిపోయిన నక్షత్రాన్ని ఇప్పుడు కంటితో చూసి కొత్తగా కనిపెట్టేదేముంది అని ఎవరైనా అడగవచ్చు. కొత్తగా కనిపెట్టేది ఏమీ లేదు. అయినా ఈ పని చేయదగ్గదే. మన దేశంలోనూ జరగవలసిందే. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ నక్షత్రం కథ, ఆ చక్రం పనితీరు తెలియాలి.

కన్ను ఎక్కడ ఓడిపోతుంది?

1054 జులైలో చైనా పరిశీలకులు వృషభ రాశి వైపు ఒక 'అతిథి నక్షత్రం' కనిపించిందని రాసిపెట్టారు. అది 23 రోజుల పాటు పట్టపగలే కనిపించింది. పేలిపోయిన ఆ నక్షత్రం విరజిమ్మిన వాయువులే నేటి క్రాబ్ నెబ్యులా. దాని దూరం సుమారు 6,500 కాంతి సంవత్సరాలు. పేలుడు తర్వాత నడుమ మిగిలింది ఒక న్యూట్రాన్ నక్షత్రం. సూర్యుడి కంటే ఎక్కువ పదార్థం హైదరాబాద్ నగరమంత జాగాలో, ఇరవై పాతిక కిలోమీటర్ల గోళంలో కుదించుకుని ఉంటుంది. అది గిర్రున తిరుగుతూ తన కాంతి పుంజాలను చుట్టూ తిప్పుతుంది. విశాఖ డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ వెలుగు సముద్రంలో ఉన్న పడవను ఒక్కో చుట్టుకు ఒక్కోసారి తాకినట్టు, ఆ పుంజం మన వైపు తిరిగినప్పుడల్లా ఒక మెరుపు వస్తుంది. ఇలా మెరిసే నక్షత్రాన్నే పల్సార్ అంటారు.

క్రాబ్ పల్సార్ ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలం ప్రస్తుతం సుమారు 33.8 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు 29.6 చుట్లు. చిక్కంతా ఇక్కడే ఉంది. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు వేస్తే కన్ను వాటిని కలిపి కదలికగా చూస్తుంది. వెలుగు బాగా ఉన్నప్పుడు సెకనుకు 50, 60 సార్లు మెరిసే దీపంలోని అదురును కూడా కన్ను పసిగట్టగలదు. కానీ మసక వెలుగులో పనిచేసే కంటి కణాలు వేరు. అవి చాలా సున్నితమైనవి, కానీ నిదానమైనవి. సెకనుకు పది పదిహేను సార్లకు మించి వెలిగి ఆరే మసక చుక్కను అవి నిలకడైన వెలుగుగానే చూపిస్తాయి.

క్రాబ్ పల్సార్ మసక చుక్కే. దాని ప్రకాశ తరగతి సుమారు 16.5. వట్టి కంటికి కనిపించే అతి మసక నక్షత్రం కంటే ఇది దాదాపు 16 వేల రెట్లు మసక. టెలిస్కోపులో దాన్ని పట్టుకోగలిగినా కంటికి కనిపించేది కదలని చుక్క మాత్రమే.

అందరి ముందూ దాక్కున్న నక్షత్రం

ఈ నక్షత్రం ఎవరికీ తెలియనిదేమీ కాదు. నెబ్యులా నడుమ దగ్గర దగ్గరగా రెండు చుక్కలున్నాయి. వాటిలో నైరుతి వైపున్నదే పేలిన నక్షత్రపు శేషం కావచ్చని వాల్టర్ బాడే, రుడాల్ఫ్ మింకోవ్‌స్కీ 1942లోనే అన్నారు. ప్రపంచంలోని పెద్ద టెలిస్కోపులన్నీ దాన్ని ఫొటో తీశాయి. అయితే ఫొటో పలక నిమిషాలు, గంటల తరబడి వెలుగును కూడబెడుతుంది. కూడబెట్టిన మొత్తంలో మెరుపుకు మెరుపుకు మధ్య ఉన్న చీకటి కలిసిపోతుంది. నక్షత్రం ఎంత వెలుగుతోంది అని అందరూ అడిగారు. సెకనులో ముప్పయ్యో వంతు వ్యవధిలో ఆ వెలుగు మారుతోందా అని అడగాలని ఎవరికీ తోచలేదు. ఒక నక్షత్రం అంత వేగంగా మారుతుందని ఊహించే కారణమే అప్పటికి లేదు.

1967లో కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థిని జోసెలిన్ బెల్ తన రేడియో టెలిస్కోపు కాగితపు చుట్టల మీద 1.337 సెకన్లకోసారి వచ్చే స్పందనను గుర్తించారు. మరుసటి ఏడాది క్రాబ్ నెబ్యులా నుంచి కూడా రేడియో స్పందనలు దొరికాయి. దాంతో దృశ్య కాంతిలోనూ మెరుపు ఉందేమోనన్న వేట మొదలైంది. 1969 జనవరిలో అరిజోనాలోని కిట్ పీక్ మీద, స్టీవర్డ్ అబ్జర్వేటరీ టెలిస్కోపుతో జాన్ కాక్, మైకేల్ డిస్నీ, డొనాల్డ్ టేలర్ ఆ మెరుపును పట్టుకున్నారు. వారిలో కాక్, డిస్నీలకు టెలిస్కోపు దగ్గర కూర్చున్న అనుభవం పెద్దగా లేదు. పొరపాటున ఆగకుండా తిరుగుతున్న టేప్ రికార్డరు ఆ రాత్రి వారి ఆశ్చర్యాన్ని, అనుమానాన్ని, కేకలను యథాతథంగా భద్రపరిచింది. కొన్ని వారాల్లోనే కాలిఫోర్నియాలోని లిక్ అబ్జర్వేటరీలో జోసెఫ్ మిల్లర్, జోసెఫ్ వాంప్లర్ ఒక తిరిగే చిల్లుల చక్రాన్ని టెలివిజన్ కెమెరా ముందు పెట్టి, ఆ నక్షత్రం కనిపిస్తూ మాయమవుతున్న బొమ్మలు తీశారు. నైరుతి చుక్క విషయంలో బాడే చెప్పింది నిజమైంది.

ఇందులో గమనించవలసిన అంకె ఒకటుంది. స్టీవర్డ్ టెలిస్కోపు అద్దం వ్యాసం 36 అంగుళాలు, అంటే 90 సెంటీమీటర్ల పైచిలుకు. ఆనాడు అది వృత్తి నిపుణుల పరికరం. నేడు ఔత్సాహికుల సంఘాల దగ్గర 50, 60 సెంటీమీటర్ల అద్దాలున్నాయి, కొన్నిచోట్ల అంతకంటే పెద్దవీ ఉన్నాయి. 1969లో అసాధ్యమనిపించింది ఇప్పుడు కష్టమైన పని మాత్రమే.

సీలింగ్ ఫ్యాన్ చెప్పే పాఠం

చిల్లుల చక్రం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఇంట్లోని ఫ్యాన్ చాలు. ట్యూబ్‌లైటు వెలుగులో ఫ్యాన్ వేగం పుంజుకుంటున్నప్పుడు, ఒక దశలో రెక్కలు నిలిచిపోయినట్టో, మెల్లగా వెనక్కి తిరుగుతున్నట్టో కనిపిస్తాయి. ట్యూబ్‌లైటు కరెంటుతో పాటు సెకనుకు 100 సార్లు హెచ్చి తగ్గుతుంది. ఆ లయకు, రెక్కల లయకు మధ్య ఉన్న చిన్న తేడాయే మెల్లని కదలికగా కంటికి కనిపిస్తుంది. సినిమాల్లో బండి చక్రం వెనక్కి తిరగడానికీ ఇదే కారణం.

పల్సార్ విషయంలోనూ ఇదే సూత్రం. టెలిస్కోపు కాంతి కేంద్రీకృతమయ్యే చోట, ఐపీస్‌కు కాస్త ముందు, ఒక నల్లని చక్రాన్ని తిప్పుతారు. దానికి ఎదురెదురుగా రెండు చీలికలుంటాయి. చీలిక అడ్డొచ్చినప్పుడే కాంతి కంటికి చేరుతుంది. చక్రం నిమిషానికి 888 చుట్లు తిరిగితే చీలిక సెకనుకు 29.6 సార్లు తెరుచుకుంటుంది, అంటే పల్సార్‌తో సమానంగా. ఇప్పుడు వేగాన్ని 873కు తగ్గిస్తే చీలిక సెకనుకు 29.1 సార్లు తెరుచుకుంటుంది. రెండు లయల మధ్య తేడా అర. కాబట్టి నక్షత్రం రెండు సెకన్లకోసారి మెల్లగా వెలిగి ఆరుతున్నట్టు కనిపిస్తుంది. ముప్పయ్యో వంతు సెకనులో జరిగే నాటకం కంటికి అందే వేగానికి దిగి వస్తుంది.

చీలిక కాంతిని అడ్డుకుంటే నక్షత్రం ఇంకా మసకబారదా? కొంత మసకబారుతుంది. అయితే ఇందులో ఒక లాభం ఉంది. నెబ్యులా వెలుగు, ఆకాశపు వెలుగు అన్ని వేళలా సమానంగా వస్తాయి. చీలిక అయిదో వంతు కాలమే తెరిచి ఉంటే వాటిలో అయిదో వంతే లోపలికి వస్తుంది. పల్సార్ కాంతి మాత్రం అధికంగా మెరుపులోనే ఉంటుంది. చీలిక మెరుపుతో కలిసిన క్షణంలో దాని మొత్తం వెలుగులో దాదాపు సగం లోపలికి వస్తుంది. అంటే వెనకున్న పొగమంచు లాంటి వెలుగు బాగా తగ్గి, దాని మీద నక్షత్రం మరింత స్పష్టపడుతుంది. చీలిక మెరుపుల మధ్య చీకటితో కలిసినప్పుడు నక్షత్రం దాదాపు మాయమవుతుంది.

చెప్పినంత తేలికైన పనేమీ కాదు. చక్రం వేగం వెయ్యిలో ఒకటి రెండు వంతులకు మించి తప్పకూడదు. లేకపోతే మెల్లని మెరుపు తన లయ కోల్పోతుంది. ఆటబొమ్మల మోటారు ఇందుకు పనికిరాదు. క్వార్ట్జ్ స్ఫటికం లయకు కట్టుబడి నడిచే స్టెప్పర్ మోటారు, దాన్ని నడిపే ఆర్డుయినో లాంటి చిన్న బోర్డు కావాలి. హైదరాబాద్ కోఠీలోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో దొరికే సామానే ఇది. మోటారు అదురు టెలిస్కోపుకు పాకకుండా చూసుకోవడం మరో తలనొప్పి. ఆ అదురుకు నక్షత్రం గీతలా సాగిపోతే పక్కపక్కనున్న రెండు చుక్కలు కలిసిపోతాయి.

టెలిస్కోపు పరిమాణం మీద రాజీ లేదు. 50 సెంటీమీటర్ల అద్దం మీద పల్సార్ నుంచి పడే దృశ్య కాంతి కణాలు, అంటే ఫోటాన్లు, లెక్కవేస్తే సెకనుకు సుమారు 500. ఒక్కో చుట్టుకు పదహారో పదిహేడో. దారిలో వాతావరణంలో, అద్దాల్లో కొన్ని పోతాయి. కంటికి చేరినవాటిలో కూడా కొన్నే రెటీనాలో పనికొస్తాయి. అందుకే 50 సెంటీమీటర్లు అంచు మీద నడక లాంటిది. ఒక మీటరు అద్దమైతే కాంతి నాలుగు రెట్లు. ఆ తేడా 'చూశానేమో' అన్న మాటకు, 'చూశాను' అన్న మాటకు మధ్య ఉన్న తేడా.

చూడటం ఒక ఎత్తు, నమ్మడం ఒక ఎత్తు

ఈ ప్రయత్నంలో అసలైన విజ్ఞానం ఇక్కడ మొదలవుతుంది. మెరుస్తుందని ముందే తెలిసిన చుక్కను, చీకట్లో, కంటి శక్తి అంచున, ఓరచూపుతో చూస్తున్నప్పుడు మెరుపు కనిపించకపోతేనే ఆశ్చర్యం. ఆశించినదాన్ని కన్ను ఇట్టే సృష్టిస్తుంది. 1903లో ఫ్రాన్స్‌లో రెనే బ్లాండ్లో అనే పేరున్న భౌతిక శాస్త్రవేత్త 'ఎన్ కిరణాలు' కనిపెట్టానన్నారు. మసక వెలుగులో కలిగే స్వల్ప మార్పులే వాటికి ఆధారం. ఇతరులు కూడా చూశామన్నారు. 1904లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ ఆ ప్రయోగశాలకు వెళ్లి, చీకట్లో పరికరంలోని ముఖ్యమైన అల్యూమినియం పట్టకాన్ని ఎవరికీ తెలియకుండా తీసేశారు. అయినా చూసేవారికి 'కిరణాలు' కనిపిస్తూనే ఉన్నాయి. ఎన్ కిరణాల కథ ముగిసిపోయింది.

పల్సార్‌ను చూడదలచినవారు ఈ గుంతలో పడకుండా ప్రకృతే కొన్ని ఆసరాలు ఇచ్చింది. మొదటిది పక్కనున్న చుక్క. పల్సార్‌కు సుమారు 5 ఆర్క్ సెకన్ల దూరంలో, దాదాపు అంతే ప్రకాశంతో మరో నక్షత్రం ఉంది. అది మెరవదు. చక్రం తిరిగినప్పుడు రెండు చుక్కలూ వెలిగి ఆరితే తప్పు పరికరంలోనో వాతావరణంలోనో ఉందని అర్థం. ఒకటి నిలకడగా ఉండి మరొకటి మాత్రమే మెరిస్తే నమ్మవచ్చు.

రెండోది మెరుపు ఆకారం. క్రాబ్ పల్సార్ ఒక్కో చుట్టులో రెండుసార్లు మెరుస్తుంది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్ద మెరుపు తర్వాత చుట్టులో సుమారు 40 శాతం కాలం గడిచాక చిన్నది వస్తుంది. మిగిలిన 60 శాతం తర్వాత మళ్లీ పెద్దది. చక్రంలోంచి చూస్తే ఇది గుండె చప్పుడులా ఉంటుంది: గట్టిగా ఒకటి, వెంటనే నెమ్మదిగా ఒకటి, తర్వాత కాస్త విరామం. చక్రం పల్సార్ కంటే నిదానంగా తిరిగితే ఈ వరుస కనిపిస్తుంది. వేగంగా తిప్పితే వరుస తిరగబడుతుంది. చిన్నది ముందు వచ్చి, వెంటనే పెద్దది వస్తుంది. ఈ తేడాను ఊహ దానంతటది కల్పించడం కష్టం.

మూడో ఆసరా మనుషులే ఏర్పాటు చేసుకోవాలి. చక్రం వేగాన్ని ఒకరు మార్చాలి, చూసేది వేరొకరు కావాలి. చూసేవారికి వేగం ఎంతో తెలియకూడదు. 'మెరుస్తోంది', 'మెరవడం లేదు' అని పదిసార్లు రాస్తే, పదికి పది గుడ్డిగా సరిపోయే అవకాశం 1,024లో ఒకటి. తొమ్మిదో పదో సరిపోతే చూసినట్టే. అయిదో ఆరో సరిపోతే, ఎంత గట్టిగా అనిపించినా చూడనట్టే. చికాగోలో ఆ మహిళకు, ఆ శాస్త్రవేత్తకు మధ్య ఇలాంటి పరీక్ష ఒకటి ఉండి ఉంటే వాదన ఆ రాత్రే తేలిపోయేది. ఎవరి హోదా ఏమిటన్న ప్రశ్న అక్కడ వచ్చేదే కాదు.

కెమెరా ఉండగా కన్ను ఎందుకు?

దీనికి ఎదురయ్యే అభ్యంతరాలు బలమైనవే. నేటి సున్నితమైన కెమెరా ఈ మెరుపును కన్ను కంటే ఎంతో బాగా పడుతుంది. ఔత్సాహికులే తిరిగే షటరు ముందు కెమెరా పెట్టి ఆ పని చేశారు. ఇక పరిశోధన విషయానికొస్తే, 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి ఇస్రో ప్రయోగించిన ఎక్స్‌పోశాట్ తన తొలి పరిశీలనల్లోనే ఇదే పల్సార్ ఎక్స్ కిరణ స్పందనలను నమోదు చేసింది. తెలుగు నేల మీది నుంచి ఎగిరిన ఉపగ్రహం ఆ పని చేస్తుంటే, అట్టముక్క చక్రంతో కుస్తీ ఎందుకు?

కొత్త సమాచారం కోసమైతే ఎవరూ ఈ చక్రం తిప్పనక్కర్లేదు. కానీ సమాచారం ఎలా పుడుతుందో తెలిసిన మనుషులు తయారు కావాలంటే తిప్పాలి. ఈ రోజు విద్యార్థి పల్సార్ గురించి తెలుసుకునేది తెరమీది యానిమేషన్‌లో. అందులో అన్నీ ముందే సరిచేసి ఉంటాయి. అదురు ఉండదు, అనుమానం ఉండదు, ఓటమి ఉండదు. చక్రం చేసిన విద్యార్థి మాత్రం కంటి పరిమితిని, లయల తేడాను, కాంతి కణాల లెక్కను, తన మనసు తనకు చేసే మోసాన్ని ఒక్క రాత్రిలో ఎదుర్కొంటాడు. ఎక్స్‌పోశాట్ గ్రాఫును చదవడానికి కావలసింది కూడా సరిగ్గా ఈ చదువే. ఉపగ్రహం నుంచి వచ్చే స్పందన చిత్రం కూడా, పల్సార్ లయకు కాలాన్ని మడతపెట్టి గీసినదే. చిల్లుల చక్రం చేసే పనిని అక్కడ కంప్యూటరు చేస్తుంది.

మరో చిన్న అద్భుతం కూడా ఉంది. పల్సార్ క్రమంగా నెమ్మదిస్తోంది. రోజుకు సుమారు 36 నానోసెకన్ల చొప్పున దాని చుట్టు కాలం పెరుగుతోంది. 1969లో అది సెకనుకు 30.2 చుట్లు తిరిగేది. ఆనాటి లయకు అచ్చంగా సరిపోయేలా తిప్పిన చక్రంలో నక్షత్రం నిలకడగా కనిపించేది. అదే వేగంతో ఇవాళ తిప్పితే నక్షత్రం సుమారు ఒకటిన్నర సెకన్లకోసారి వెలిగి ఆరుతుంది. అర్ధ శతాబ్దంలో ఒక నక్షత్రం కోల్పోయిన భ్రమణ శక్తిని చూపడానికి ఇంతకంటే సూటి ప్రదర్శన దొరకదు. ఆ పోయిన శక్తే నెబ్యులాను ఇప్పటికీ వెలిగిస్తోంది.

మన ఆకాశం, మన టెలిస్కోపులు

ఈ పనికి మన దేశం భౌగోళికంగా ఎంతో అనువైనది. క్రాబ్ నెబ్యులా వృషభ రాశిలో, ఎద్దు కొమ్ముల్లో ఒకదాని కొన దగ్గర, రోహిణి నక్షత్రానికి తూర్పున ఉంటుంది. మార్గశిర, పుష్య మాసాల్లో అర్ధరాత్రి వేళ అది తెలుగు రాష్ట్రాల్లో దాదాపు నడినెత్తికి వస్తుంది. ఐరోపా పరిశీలకులకు అది ఎప్పుడూ అంత ఎత్తుకు రాదు. నడినెత్తిన ఉన్నప్పుడు వాతావరణం పొర పలచగా ఉంటుంది. వెలుగు నష్టం తక్కువ, బొమ్మ అదురూ తక్కువ.

టెలిస్కోపులకూ కొదవలేదు. తమిళనాడు కావలూరులో, నైనిటాల్‌లో ఒక మీటరు తరగతి టెలిస్కోపులు 1970ల నుంచి ఉన్నాయి. మౌంట్ ఆబూలో 1.2 మీటర్లది ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి హైదరాబాద్ సమీపంలోని జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు ఉంది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణంతో ఆ పేరు దేశమంతా వినిపించింది. 1969లో పల్సార్ మెరుపును పట్టిన టెలిస్కోపు కంటే ఇవన్నీ పెద్దవే. ప్రపంచ స్థాయి పరిశోధనకు ఇప్పుడు వీటికంటే పెద్ద టెలిస్కోపులు వచ్చాయి. కాబట్టి ఈ తరగతి టెలిస్కోపుల కాలంలో కొంత భాగం కళాశాలలకు, ఔత్సాహిక సంఘాలకు కేటాయించాలని అడగడం అత్యాశ కాదు.

అబ్జర్వేటరీల ఇబ్బంది కూడా న్యాయమైనదే. వెన్నెల లేని రాత్రులు పరిశోధకులకు బంగారం. పల్సార్‌కు కావలసింది కూడా ఆ రాత్రులే. పరిశోధన టెలిస్కోపులకు కెమెరాలు, వర్ణపట దర్శినులు బిగించి ఉంటాయి. ఐపీస్ పెట్టాలంటే వాటిని విప్పాలి. అందువల్ల అడగవలసింది నెలలు కాదు. ఏడాదికి ఒకటి రెండు రాత్రులు, ముందే నిర్ణయించి, పోటీ పెట్టి ఇస్తే చాలు. చక్రం తయారు చేసి, నేల మీద పరీక్షించి, అంధ పరీక్ష పద్ధతి రాసి పంపిన బృందానికే అవకాశం ఇవ్వాలి. ఆ రాత్రి మబ్బు పట్టినా ఆ బృందం నేర్చుకున్నది ఎక్కడికీ పోదు.

నేల మీద పరీక్షకు టెలిస్కోపు అక్కర్లేదు. రెండు చిన్న ఎల్ఈడీలు పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని సెకనుకు 29.6 సార్లు క్షణకాలం మెరిసేలా, రెండోదాన్ని నిలకడగా వెలిగేలా చేయాలి. వెలుగు గట్టిగా ఉన్నప్పుడు మొదటిదాని అదురు కంటికి తెలుస్తుంది. ముదురు ఫిల్టరుతో మసకబరిచే కొద్దీ ఆ అదురు మాయమై రెండూ ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు చక్రం తిప్పితే ఒకటి మెల్లగా కన్ను గీటుతుంది. చీకటి గది ఉన్న ఏ డిగ్రీ కళాశాలైనా, పెద్ద ఖర్చు లేకుండా, వచ్చే సైన్స్ దినోత్సవం నాటికి చేయగల ప్రయోగం ఇది.

చివరిగా ఆకాశం మాట. టెలిస్కోపు ఎంత పెద్దదైనా 16వ తరగతి చుక్కను కంటితో చూడాలంటే చీకటి కావాలి. నగరాల వెలుగు ఏటా ఊళ్ల మీదికి పాకుతోంది. ఒకప్పుడు ఊరికి దూరమని ఎంచుకున్న అబ్జర్వేటరీల దాకా వీధి దీపాలు వచ్చేశాయి. లద్దాఖ్‌లోని హాన్లేను 2022లో చీకటి ఆకాశ అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడ ఔత్సాహికులు తమ టెలిస్కోపులతో చేరే స్టార్ పార్టీలు జరుగుతున్నాయి, స్థానిక గ్రామస్తులే సందర్శకులకు ఆకాశాన్ని చూపిస్తున్నారు. మంచి అడుగే. కానీ తెలుగు విద్యార్థి చీకటి కోసం హాన్లే దాకా వెళ్లాల్సిన పరిస్థితి మంచిది కాదు. నల్లమల అంచుల్లోనో, అనంతపురం మెట్టల్లోనో వీధి దీపాల వెలుగు పైకి చిమ్మకుండా మూతలు బిగించి కాపాడుకోదగిన చీకటి ఇంకా మిగిలే ఉంది.

అమెరికా వైమానిక దళంలో పనిచేసిన చార్లెస్ షిస్లర్ అనే ఉద్యోగి 1967లో అలాస్కాలోని క్షిపణి హెచ్చరిక రాడార్ దగ్గర కూర్చుని, కేంబ్రిడ్జి ప్రకటన రాకముందే, క్రాబ్ పల్సార్‌తో సహా కొన్ని పల్సార్ల సంకేతాలను గుర్తించారు. ఆయన పని రహస్యం కావడంతో ఆ సంగతి లోకానికి తెలిసింది 2007లో. ఒకరు చూసి చెప్పినా ఎవరూ వినలేదు, ఒకరు చూసినా చెప్పే వీలు లేకపోయింది. పల్సార్ కథలో చూసిన కళ్లకు లోటు లేదు. ఆ చూపును పరీక్షకు పెట్టి, తేలినదాన్ని మన్నించే ఏర్పాటుకే లోటు వచ్చింది.

ఇవాళ ఒక డిగ్రీ విద్యార్థి ఐపీస్‌లోంచి తలెత్తి 'మెరుస్తోంది' అంటే, పక్కనున్న అధ్యాపకుడు 'నక్షత్రాలన్నీ మెరుస్తాయి' అనకుండా 'చక్రం వేగం మారుద్దాం, మళ్లీ చూడు' అనగలగాలి. అలా అనగలగడానికి ఒక చక్రం కావాలి, ఒక టెలిస్కోపు కావాలి, కాస్త చీకటి కావాలి. మూడూ మన చేతుల్లో ఉన్నవే.